బాగున్నవాళ్ళ పేజీ

బొమ్మలక్క కుదురుగా కూర్చోవడం ఆ వీధిలో ఎవరూ చూసి ఎరగరు. ఫోన్ మాట్లాడుతూ గది ఆ మూల నుంచి ఈ మూలకి తిరుగుతుంది. భోజనం మధ్యలో లేచి కిటికీ రెక్క వేసొస్తుంది. "దీని అరికాళ్ళ కింద ఎవరో నిప్పులు పోశారు," అని వాళ్ళమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటుంది. అదృష్టం కొద్దీ ఉద్యోగం కూడా తిరిగేదే దొరికింది. ఆరోగ్య శాఖలో జబ్బుల మీద ఆరా తీసే పని. ఊళ్ళో నలుగురు ఒకేసారి మంచం పట్టారంటే ఈవిడ సంచీ భుజాన వేసుకుని ఇంటింటికీ వెళ్ళాలి. ఏం తిన్నారు, ఏ నీళ్ళు తాగారు, ఎవరి పక్కన కూర్చున్నారు అని అడిగి అడిగి, ఆ జబ్బు ఎక్కడ పుట్టిందో పట్టుకోవాలి.

తలుపు తీసేదాకా గుమ్మంలో నిలబడాలి కదా, ఆ కాస్సేపు కూడా చేతులు ఊరుకునేవి కావు. చేతికందిన కాగితం మీద బొమ్మలు గీసేది. తలుపు సందులోంచి తొంగిచూసే ముసలాయన ముక్కు, మెట్ల మీద నిద్రపోయే పిల్లి, ఏదైతే అది. ఒకరోజు ఆ కాగితాలు పై అధికారి డాక్టరమ్మ కంట పడ్డాయి. ఆఫీసు కాగితాలు పాడుచేసినందుకు అక్షింతలు తప్పవనుకుంది మన బొమ్మలక్క.

"ఇంత బాగా గీస్తావని చెప్పలేదేం?" అంది డాక్టరమ్మ. "పిల్లలకి మన పని బొమ్మల కథగా చెబుదాం. జబ్బంటే హడలిపోవడం కాదు, ఎక్కణ్ణుంచి వచ్చావని దాన్ని నిలదీయడం నేర్పుదాం."

అలా పుట్టింది జాడ. రెండు జడలు, మోకాళ్ళ దాకా బూట్లు, మెడలో భూతద్దం. ఓ పెద్ద భవంతిలో పిల్లలందరికీ కడుపు నొప్పి వస్తే ఈ జాడ గడపగడపకీ తిరిగి, ఎవరికి వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ఎక్కడ ఏం తిన్నారు అని అడిగి, చివరికి మేడ మీద మూత లేని నీళ్ళ ట్యాంకు దగ్గరికి చేరుతుంది. కథ బాగా కుదిరింది. ఒక్కచోటే తేడా వచ్చింది. డాక్టరమ్మ రాసిచ్చిన కథలో, జాడ జబ్బు చేసినవాళ్ళతో పాటు బాగున్నవాళ్ళని కూడా వెళ్ళి అడిగే పేజీ ఒకటుంది. మీరూ ఆ నీళ్ళే తాగారా, మీరూ అదే తిన్నారా అని. ఆ పేజీ గీయబోతే బొమ్మలక్కకి ఆవలింతలొచ్చాయి. బాగున్న పిల్లలు ఏం చేస్తారు? బాగానే ఉంటారు. వాంతి లేదు, మూలుగు లేదు, వరసగా కూర్చుని పళ్ళికిలిస్తూ ఉంటారు. దాని బదులు జాడ జడలెగరేసుకుంటూ ట్యాంకు నిచ్చెన ఎక్కుతున్న బొమ్మ పేజీ నిండా పడితే ఎలా ఉంటుంది! అంతే, ఆ పేజీ తీసేసి ఈ పేజీ పెట్టేసింది.

"బాగున్నవాళ్ళ పేజీ ఏదమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ, అచ్చయి వచ్చిన పుస్తకం తిరగేస్తూ.

"పిల్లలకి విసుగు డాక్టరమ్మా. బాగున్నవాళ్ళ మొహాలు ఎవరు చూస్తారు చెప్పండి?"

"అది లేకపోతే మిగతాదంతా ఊహే అవుతుంది," అంది డాక్టరమ్మ. అచ్చయిపోయిన పుస్తకాన్ని ఏం చేస్తుంది పాపం, మళ్ళీ వేసేటప్పుడైనా కలపమంది. బొమ్మలక్క అలాగేనని తలూపి, ఆ ఊపు పూర్తయ్యేలోపే గది బయటికి వెళ్ళిపోయింది. ఆ మాట అప్పుడే చెవిన వేసుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

పుస్తకం పిల్లలకి పిచ్చిపిచ్చిగా నచ్చింది. బొమ్మలక్క ఇంటి వెనక వీధిలోని బడిలో అయితే జాడ క్లబ్బే మొదలైంది. వారంలో రెండు సాయంత్రాలు, బడి వదిలాక, వెనకవైపు చివరి గదిలో పిల్లలు పోగయ్యేవాళ్ళు. బొమ్మలక్క వాళ్ళకి ఆరా తీయడమూ నేర్పేది, అది బొమ్మల్లో పెట్టడమూ నేర్పేది. కుళాయి ఎక్కడో ముందువైపు ఉంది. గది పక్కనే మొక్కలకి నీళ్ళు పట్టే సిమెంటు తొట్టి ఉంది. పిల్లలు కప్పులు పట్టుకుని కుళాయి దాకా వెళ్ళి, దారంతా ఒలకబోసుకుని వస్తుంటే ఈవిడకి ఓపిక చాల్లేదు.

"రంగు కడగడానికి ఏ నీళ్ళయితేనేం రా? తాగుతామా ఏంటి? తొట్టిలో ముంచుకొచ్చేయండి," అంది.

ఆ పిల్లల్లో అందరికంటే గట్టిది ఎందుకమ్మ. అసలు పేరు హాజరు పిలిచినప్పుడే వినపడేది. ఏం చెప్పినా "ఎందుకు?" అంటుంది గనక ఆ పేరు స్థిరపడిపోయింది. ఆ పిల్ల చేతిలో మంచి గీత ఉంది. బొమ్మలక్క కూర్చునే తీరు, నించునే తీరు, కుంచె మొనని పెదాల మధ్య పెట్టి సన్నగా తీసే తీరు, అన్నీ పట్టేసింది. ఆ పిల్లని చూసి మిగతావాళ్ళూ పట్టేశారు.

బడి గేటు దగ్గర పుల్ల ఐసు అమ్మేది బొమ్మలక్క వదినే, సొంత అన్న భార్య. అన్న లారీ మీద పోతే మళ్ళీ ఎప్పుడొస్తాడో లారీకే తెలియాలి. ఇల్లు నడిచేది చాలామటుకు వదిన తోసే ఆ ఐసు బండి మీదే. తెల్లారకుండానే లేచి పెద్ద గిన్నెలో నీళ్ళు కాచి, చల్లార్చి, పళ్ళరసం కలిపి అచ్చుల్లో పోస్తుంది. క్లబ్బు వదిలాక పిల్లలు నేరుగా ఆ బండి మీదే పడతారు. బొమ్మలక్క మాత్రం ఆమడ దూరం. పిప్పిపన్ను ఒకటి కొన్నాళ్ళుగా పీడిస్తోంది, ఐసు పేరెత్తితేనే జివ్వుమంటుంది.

"ఊళ్ళో జబ్బులన్నీ పట్టుకుంటావు గానీ నోట్లో పన్ను సంగతి చూసుకోవేం అమ్మాయ్?" అనేది వదిన.

"తీరికేదీ వదినా?"

"అవునులే, తిరగడానికే సరిపోతుంది నీకు."

వానలు పట్టిన వారంలో బడి పిల్లల్లో కొందరు ఒకరి తర్వాత ఒకరు పడకేశారు. వాంతులు, విరేచనాలు. ప్రాణం మీదికి ఎవరికీ రాలేదు గానీ, పిల్లలు వాడిపోయారు, తల్లులు హడలిపోయారు. సరిగ్గా అప్పుడే బొమ్మలక్కకీ కడుపులో తిప్పింది. పొద్దున్నే పెరట్లోకి పరుగులు పెట్టి, ఓ మాత్ర మింగి, నీరసంగా వచ్చి గడప మీద కూలబడింది. "పరగడుపున ఆ నల్ల టీ పోస్తే పేగులు ఊరుకుంటాయా?" అని వదిన మజ్జిగ కలిపిచ్చింది. టీయే అయ్యుంటుందనుకుని, మజ్జిగ తాగేసి, బొమ్మలక్క పనిలోకి వెళ్ళిపోయింది. పిల్లల సంగతి చూడాలి కదా, తన పేగుల సంగతి ఎవరిక్కావాలి.

డాక్టరమ్మ మనుషులు వచ్చి కుళాయి నీళ్ళు, ఐసు, పిల్లల విరేచనం పరీక్షకి పంపారు. ఫలితాలు రావడానికి టైము పడుతుందన్నారు. పిల్లలు అంతదాకా ఆగుతారా? జాడ శిష్యులాయె! నీరసంగా ఉన్నవాళ్ళు ఉండగానే కాస్త తేరుకున్నవాళ్ళు ఇంటింటికీ తిరిగారు. జబ్బు పడ్డ ప్రతి ఒక్కరినీ అడిగారు. ఏం తిన్నావ్? ఐసు. నువ్వేం తిన్నావ్? ఐసు. అందరి నోటా ఐసే. ఇంకేం కావాలి? బడి గోడ మీద పెద్ద కాగితం అంటించి కథంతా బొమ్మల్లో వేసేశారు.

మర్నాడు బొమ్మలక్క బడికి వెళ్తే గోడ ముందు జనం. సందు చేసుకుని ముందుకెళ్ళి చూసింది. ముందు మనసు పొంగిపోయింది. అబ్బ, ఎంత బాగా గీశారు! వాంతి చేసుకుంటున్న పిల్లాడి మెడ నరాలు కూడా వదల్లేదు. చూపు చివరి బొమ్మ దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది. బండి. బండి వెనక వదిన. అచ్చం వదినే. ఎడమ కనుబొమ మీద గాటు, భుజం మీద తువ్వాలు, నవ్వితే ఒక పక్కకే పోయే నోరు. కింద పెద్ద అక్షరాలతో "దొరికింది!" అని. గీసింది ఎందుకమ్మ. అంత పోలిక పట్టే చెయ్యి ఆ బడిలో మరొకటి లేదు.

సాయంత్రానికి, ఐసు బండి గేటు దగ్గర ఉండటానికి వీల్లేదన్నాడు హెడ్మాస్టరు. ఇద్దరు ముగ్గురు తల్లులు వదినని నడిరోడ్డు మీద నిలబెట్టి కడిగేశారు. నోరు పెట్టుకుని బతికే వదిన ఆ రోజు కిమ్మనకుండా బండి తోసుకొచ్చి, పెరట్లో పెట్టి, పైన గోనె కప్పేసింది.

బొమ్మలక్క కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. వంటింట్లోకి, వీధిలోకి, మళ్ళీ వంటింట్లోకి. మా వదిన అలాంటిది కాదు అని బడి మైకులో అరవాలనిపించింది. కానీ ఎలా అరుస్తుంది? తనకి తెలుసా? రోజూ నీళ్ళు కాచడం చూసింది, నిజమే. ఆ వారం గ్యాసు అయిపోయి ఇంట్లో ఒక పూట పొయ్యి వెలగలేదన్నదీ నిజమే. ఎవరి ఇంటికైనా వెళ్ళి అడిగే ప్రశ్నే తన ఇంట్లో అడగడానికి నోరు పెగల్లేదు. నీళ్ళు నమిలి నమిలి చివరికి అడిగేసింది.

"వదినా, గ్యాసు లేని రోజున నీళ్ళు కాచావా?"

వదిన చేతిలో గరిటె ఆగిపోయింది. "నన్నే అడుగుతున్నావా?"

"అందర్నీ అడుగుతాం వదినా, అది పద్ధతి."

"పక్కింటి పొయ్యి మీద కాచాను. వెళ్ళి అడుగు, పో. పద్ధతి కదా!"

అక్కడితో ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు, వెళ్ళింది! పక్కింటావిడ పిల్లాడికి తల దువ్వుతూ, "ఏమోనమ్మా, కాచిందేమో, నాకు గుర్తులేదు," అంది. బొమ్మలక్క తిరిగొచ్చేసరికి వదిన గుమ్మంలోనే నిలబడి ఉంది. ఏం తేలిందని అడగలేదు. లోపలికెళ్ళి మంచం మీద అటు తిరిగి పడుకుంది. వాళ్ళమ్మ మాత్రం ఊరుకోలేదు. "నీ ఉద్యోగం తగలెయ్య! ఇంట్లో మనిషిని దొంగని చేస్తావటే?" అని దులిపేసింది. ఒకే ఇంట్లో ఉంటూ వదిన ఆ తర్వాత బొమ్మలక్కతో మాట్లాడటం మానేసింది. టీ పెట్టి ఇచ్చేది, మాట మాత్రం లేదు.

అడగాల్సింది అడిగానని సమాధానపడదామంటే మనసు ఒప్పుకోలేదు. ఏదో ఒకటి వదిలేశానని లోపల పీకుతూనే ఉంది. ఆఫీసు బల్ల మీద ఉన్న జాడ పుస్తకం ఊరికే తిరగేస్తుంటే నిచ్చెనెక్కుతున్న బొమ్మ దగ్గర చెయ్యి ఆగిపోయింది. పిల్లలు తప్పు చెయ్యలేదు. పుస్తకంలో ఏముందో తు.చ. తప్పకుండా అదే చేశారు. జబ్బు చేసినవాళ్ళని అడిగారు. బాగున్నవాళ్ళని అడగమని వాళ్ళకి చెప్పిందెవరు?

పరిగెత్తినట్టే డాక్టరమ్మ గదిలోకి వెళ్ళింది.

"ఈ కేసులో నువ్వు వేలు పెట్టకు," అంది డాక్టరమ్మ, ఈవిడ నోరు తెరవకముందే. "ఆవిడ మీ వదిన. నువ్వేం తేల్చినా కాపాడుతున్నావంటారు."

"కేసు కాదు డాక్టరమ్మా. నా పాఠంలో తప్పుంది. పాఠం దిద్దుకోవాలి."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి ఆమె వైపు చూసింది. "ఆ పేజీయేనా?"

"ఆ పేజీయే."

"అయితే వెళ్ళు. ఒక్కటి గుర్తుంచుకో. ప్రశ్న నువ్వు అడగకూడదు. పిల్లల్ని అడగనివ్వు. ఐసే అని తేలినా నోరెత్తకూడదు."

బొమ్మలక్క సరేనని బయటికొచ్చింది. ఐసే అని తేలితే? అప్పుడు వదినకి ఇక ఆ గేటూ లేదు, ఆ బండీ లేదు. తేల్చింది ఆడపడుచు పుస్తకం.

మర్నాడు బడి మైదానంలో పిల్లల్ని పోగేసి, వాళ్ళకి ఒక పేజీ తక్కువ నేర్పానని ఉన్నదున్నట్టు చెప్పింది. "బాగున్నవాళ్ళని కూడా అడగాలి. మీరే అడగండి. నేను మాట్లాడను," అని పక్కకి వెళ్ళి నిలబడింది. నిలబడటం అంటే ఏముంది, చేతిలో కుంచెతో గోడవారన పచార్లు. హెడ్మాస్టరు వరండాలో కుర్చీ వేసుకున్నాడు. గేటు చువ్వల అవతల వదిన వచ్చి నిలబడటం బొమ్మలక్క చూసింది, చూడనట్టు తల తిప్పేసుకుంది.

తనూ జబ్బు పడి లేచిన ఎందుకమ్మ ముందుకొచ్చింది. జబ్బు చేసి కోలుకున్నవాళ్ళని మైదానంలో ఒకవైపు నిలబెట్టింది, చెయ్యనివాళ్ళని రెండోవైపు.

"ఆ వారం ఐసు తిన్నవాళ్ళు చేతులెత్తండి!"

జబ్బు చేసినవాళ్ళ చేతులన్నీ లేచాయి. అటువైపు వాళ్ళవి కూడా లేచాయి, దాదాపు అన్నీ. ఇటు ఎలా ఉన్నాయో అటూ అలాగే ఉన్నాయి. ఎందుకమ్మ ఇటు చూసింది, అటు చూసింది.

"మరి వీళ్ళకెందుకు రాలేదు?" అంది.

చేతులు దించమనలేదు గనక పిల్లలు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంచారు. అప్పుడు ఎందుకమ్మకి కనిపించింది. జబ్బు చేసినవాళ్ళ గోళ్ళలో నీలం, ఎరుపు, పసుపు. ఎంత తోమినా వదలని క్లబ్బు రంగులు. రెండోవైపు గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

"రంగు! రంగు వల్లే!" అని ఎవరో అరిచారు.

"మరి నేను? నేను క్లబ్బు కాదుగా?" అన్నాడు జబ్బు చేసిన వైపున్న ఓ బక్క పిల్లాడు.

"నువ్వు ఎప్పుడూ క్లబ్బు కిటికీ దగ్గరే కదరా వేళ్ళాడతావ్. అక్కడ ఏం చేస్తావ్?" అంది ఎందుకమ్మ.

వాడు సిగ్గుపడ్డాడు. "తొట్టిలో నీళ్ళు పుక్కిలించి దూరంగా ఉమ్ముతా. ఎంత దూరం పోతుందో చూస్తా."

"తొట్టి నీళ్ళు మేం తాగలేదే!" అన్నారు క్లబ్బు పిల్లలు. "కుంచెలు కడుక్కున్నాం, అంతే!"

ఎందుకమ్మ తల పంకిస్తూ నాలుగు వైపులా చూసింది. ఆ చూపు తిరిగి తిరిగి గోడవారన ఉన్న బొమ్మలక్క మీద ఆగింది. బొమ్మలక్క కంగారులో తన అలవాటు ప్రకారం కుంచె మొనని నోట్లో పెట్టుకుని ఉంది. ఆ పిల్ల కళ్ళు ఆ కుంచె మీదే నిలిచిపోయాయి.

"అక్కా," అంది, గొంతు బాగా తగ్గించి. "మీరు ఐసు తిన్నారా?"

"నాకు పన్ను నొప్పి కదమ్మా. ముట్టను."

"మరి ఆ వారం మీకు కడుపులో బాగుందా?"

బొమ్మలక్క నోట్లోంచి కుంచె తీసింది. ఇన్నేళ్ళలో ఎన్ని గడపల్లో ఎంతమందిని అడిగిందో ఈ మాట! తనని ఒక్కరూ అడగలేదు, తనని తనూ ప్రశ్నించుకోలేదు. బాగానే ఉందని ఒక్క మాట అంటే చాలు. పెరట్లోకి పరిగెత్తింది చూసినవాళ్ళు ఇంట్లోవాళ్ళే. వాళ్ళొచ్చి చెప్పరు. ఉద్యోగం ఉంటుంది, క్లబ్బు ఉంటుంది, అక్కా అని పిలిచే ఈ పిల్లలూ ఉంటారు. గేటు అవతల వదిన చువ్వలు పట్టుకుని చూస్తోంది.

"లేదమ్మా, బాగాలేదు," అంది బొమ్మలక్క. గోడ దగ్గర్నుంచి మైదానం దాటుకుని నడిచి వెళ్ళి, జబ్బు చేసిన పిల్లల వరసలో చివర నిలబడింది. మొదటిసారి కదలకుండా నిలబడింది.

ఐసు తినకుండా జబ్బు చేసిన మనిషి ఆ వరసలో ఆవిడొక్కతే. తొట్టి నీళ్ళే కుంచె మొనతో నోట్లోకి వెళ్ళాయని ఇక ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. పిల్లలంతా బిలబిలమంటూ తొట్టి దగ్గరికి పరిగెత్తారు. వానలకి మరుగుదొడ్ల పక్క కాలువ పొంగి తొట్టిలోకి పారిన చార గోడ మీద ఇంకా ఉంది. డాక్టరమ్మ మనుషులు వచ్చి ఆ నీళ్ళు పట్టుకెళ్ళారు. ఐసులో ఏమీ లేదని ముందు తేలింది. తొట్టిలో ఉందని తర్వాత తేలింది. ఏ నీళ్ళయితేనేం అన్నదెవరు, కుంచె నోట్లో పెట్టడం నేర్పిందెవరు అని పరీక్ష పెట్టాల్సిన అవసరం లేదుగా.

"ఆ కాగితం చింపేద్దాం అక్కా," అంది ఎందుకమ్మ, ఫలితం తెలిసిన సాయంత్రం.

"చింపకు. చివరి బొమ్మ మీద కొత్త కాగితం అంటించి, నన్ను గియ్యి. కుంచె నోట్లో పెట్టుకుని. కింద అదే మాట రాయి."

"నేను గియ్యను."

"వదినని గీశావు కదా?"

ఆ పిల్ల గోడ వైపు తిరిగి గీయడం మొదలుపెట్టింది. గీస్తూ ఏడ్చింది. ముక్కు చీదుకుంటూ, చేతి వెనకవైపుతో కళ్ళు తుడుచుకుంటూ గీసింది. పోలిక మాత్రం తప్పలేదు. చూసినవాళ్ళందరూ ఇట్టే గుర్తుపట్టారు.

హెడ్మాస్టరు బొమ్మలక్క దగ్గరికి వచ్చి, రేపట్నుంచి మీ వదినని బండి పెట్టుకోమనమ్మా అని గొణిగి వెళ్ళిపోయాడు. బొమ్మలక్క ఆ కబురు చెప్పడానికి ఇంటికి ఉరుకులు పరుగుల మీద వెళ్ళింది. వదిన అప్పటికే వచ్చేసి, పెరట్లో బండి మీది గోనె దులుపుతోంది.

"వదినా! తేలిపోయింది! నీ తప్పేం లేదని గోడ మీద కూడా..."

"గేటు బయట్నుంచి చూశాను," అంది వదిన. అన్నాళ్ళకి ఆడపడుచుతో అదే మొదటి మాట. "నీ బొమ్మ గీయడానికి ఆ పిల్ల ఎంత ఏడ్చిందో చూశాను. నా బొమ్మ గీసిన రోజు ఒక్కరన్నా ఏడ్చారా అమ్మాయ్? నువ్వు ఏడ్చావా?"

బొమ్మలక్కకి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు గోడ ముందు నిలబడి ముందుగా తనేమనుకుందో గుర్తొచ్చింది. ఎంత బాగా గీశారు అనుకుంది. కళ్ళనీళ్ళు ధారగా కారిపోతుంటే గోనె రెండో కొస అందుకుని మడత పెట్టింది.

మర్నాడు సాయంత్రం వదినతో పాటు తనూ బండి తోసుకుంటూ గేటు దగ్గరికి వెళ్ళింది. బడి వదిలారు. పిల్లలు గుంపుగా వచ్చి, బండికి కాస్త దూరంలో ఆగిపోయారు. తల్లులు వాళ్ళ చేతులు వదల్లేదు. గోడ మీద బొమ్మ ఉంది, పరీక్ష ఫలితాలు చెప్పారు, అయినా ఒక్కరూ ముందుకు రాలేదు. వదిన పెట్టె మూత తీసి, మళ్ళీ వేసేసింది.

"ఒకటియ్యి వదినా," అంది బొమ్మలక్క.

"నీ పన్నో?"

"ఇయ్యి."

పుల్ల చేతిలోకి తీసుకుని, అందరూ చూస్తుండగా, నాకకుండా చప్పరించకుండా, ఆ పిప్పిపన్ను ఉన్న వైపునే పెట్టి కొరికింది. నడినెత్తి దాకా జివ్వుమంది. రెండు కాళ్ళూ నేల మీద టపటపా కొట్టుకున్నాయి. అయినా అక్కణ్ణుంచి అడుగు కదల్లేదు. రెండోసారి కొరికింది.